138 డాలర్ల సోషియాలజీ తరగతి

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీ మొదటి రెండేళ్ల చదువు తక్కువ ఫీజుకు చెప్పే ప్రభుత్వ కాలేజీ) సోషియాలజీ, అంటే సమాజశాస్త్రం, తీసుకోవచ్చా అని ఈ మధ్య ముగ్గురు అడిగారు. ఒకావిడ కొడుకు హైస్కూలు చివరి ఏడాదిలో ఉన్నాడు. ఒకమ్మాయి డిపెండెంట్ వీసా మీద కొత్తగా వచ్చింది. మూడో ఆయన మావారి ఆఫీసులో పనిచేస్తారు, యాభై దాటాక మళ్లీ చదువు మీదికి మనసు మళ్లింది. ముగ్గురికీ ఫోనులో తలా ఒక ముక్క చెప్పాను గానీ, పెట్టేశాక ప్రతిసారీ అసలు సంగతి చెప్పకుండానే మిగిలిపోయినట్టు అనిపించింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

తీసుకోండి. కానీ తరగతి గదిలో కూర్చుని వినే సెక్షనే తీసుకోండి. ఆన్‌లైన్ సెక్షన్‌తో సరిపెట్టుకుంటే ఫీజు పూర్తిగా కట్టి సరుకులో సగం అంగట్లోనే వదిలేసి వచ్చినట్టు. నేను రెండూ చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను 2012లో హైదరాబాదు నుంచి వచ్చాను. అక్కడ డిగ్రీ చదివి నాలుగేళ్లు ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేశాను. హెచ్4 వీసా (హెచ్1 ఉద్యోగుల భార్యాభర్తలకు, పిల్లలకు ఇచ్చేది) మీద వచ్చినవాళ్లకు అప్పట్లో ఉద్యోగం చేసే వీలు లేదు. 2015లో కొందరికి అనుమతి ఇచ్చారు. మా వంతు వచ్చేసరికి ఇద్దరు పిల్లలు, ఏళ్ల తరబడి ఖాళీ కనిపించే రెజ్యూమె. చదువుకోవడానికి మాత్రం ఆ వీసాకు మొదటినుంచీ అడ్డు లేదు. అది తెలుసుకోవడానికే నాకు చాలా కాలం పట్టింది. ఇప్పుడు నా వయసు 42. ఉండేది శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో. కాలేజీ పేరు రాయడం లేదు. ఇందులో కొన్ని ఫిర్యాదులున్నాయి, అవి ఆ ఒక్క కాలేజీకే చెందినవని నేను అనుకోవడం లేదు. కాలిఫోర్నియాలో ఇలాంటి ప్రభుత్వ కాలేజీలు 116 ఉన్నాయి, పరిచయ కోర్సు రూపురేఖలు దాదాపు అన్నిచోట్లా ఒకటే.

ముందు డబ్బు సంగతి. రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు (కోర్సు ఎంతదో కొలిచే లెక్క) 46 డాలర్లు. 2012 నుంచి ఈ ఫీజు మారలేదు. సోషియాలజీ పరిచయ కోర్సు మూడు యూనిట్లు, అంటే 138 డాలర్లు. దాని మీద హెల్త్ ఫీజు లాంటి చిన్న చిన్నవి కలుస్తాయి, కారులో వెళితే పార్కింగ్ కూడా చూసుకోవాలి. పుస్తకానికి నేను పైసా పెట్టలేదు. రైస్ విశ్వవిద్యాలయం వారి ఓపెన్‌స్టాక్స్ పాఠ్యపుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, మా ప్రొఫెసర్ దాన్నే వాడారు. పుస్తకం ఖర్చు లేని సెక్షన్లకు తరగతుల పట్టికలో గుర్తు పెట్టాలని ఇక్కడ చట్టమే ఉంది. పేరు నమోదు చేసుకునే ముందు ఆ గుర్తు చూడండి. అది చూడకుండా వేరే సబ్జెక్టులో చేరిన మా పొరుగింటి అబ్బాయి ఫీజు కంటే ఎక్కువ డబ్బు పుస్తకానికి పోశాడు.

మనవాళ్లలో చాలామందికి తెలియనిది ఇంకొకటి. హెచ్1, హెచ్4 వీసాల మీద ఉన్నవాళ్లు కూడా ఏడాదీ ఒక్క రోజుగా కాలిఫోర్నియాలోనే కాపురం ఉంటున్నట్టు రుజువు చూపితే నివాసుల ఫీజే కడతారు. ఎఫ్1 విద్యార్థులకు ఆ వీలు లేదు. నా పేరు నమోదు చేసినప్పుడు కంప్యూటర్ నన్ను బయటి రాష్ట్రం మనిషిగా లెక్కగట్టి వెయ్యి డాలర్లు దాటిన బిల్లు చూపింది. ఆ బిల్లు చూసి ఊరుకునేదాన్నే. అద్దె ఒప్పందం, ఇక్కడ దాఖలు చేసిన పన్ను కాగితాలు, డ్రైవింగ్ లైసెన్సు పట్టుకుని రెండుసార్లు ఆఫీసుకు తిరిగితే సరిదిద్దారు. మొదటిసారి కిటికీ దగ్గర కూర్చున్నామెకు హెచ్4 అంటే ఏమిటో తెలియదు. రెండోసారి ఉన్నామె రెండు నిమిషాల్లో తేల్చేసింది. మీకు మొదటి మనిషి తగిలితే వెనక్కి వచ్చేయకండి.

కౌన్సెలర్ అపాయింట్‌మెంటు కోసం మూడు వారాలు ఆగాను. దొరికింది పావుగంట. ఆయన మర్యాదగా మాట్లాడారు, నా పాత మార్కుల జాబితా చూశారు, పిల్లల వయసు అడిగారు. తరువాత సొరుగు లోంచి మెడికల్ బిల్లింగ్ సర్టిఫికెట్ కోర్సు బ్రోచర్ తీసి నా ముందుకు జరిపారు. "సోషియాలజీతో మీకు వెంటనే ఏం పని దొరుకుతుంది? ఇదైతే త్వరగా అయిపోతుంది, పిల్లలతోనూ కుదురుతుంది" అన్నారు. మంచి మాటే కదా అనుకుని బ్రోచర్ సంచిలో పెట్టుకున్నాను. ఆ బ్రోచర్ సంగతి మళ్లీ వస్తుంది.

మొదట నేను తీసుకున్నది ఆన్‌లైన్ సెక్షనే, పిల్లలు నిద్రపోయాక చదువుకోవచ్చని. వారానికి ఒక అధ్యాయం, పది ప్రశ్నల క్విజ్, చర్చల పేజీలో ఒక అభిప్రాయం, ఇద్దరికి జవాబు. "మీ అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాను, బాగా రాశారు." అందరూ అందరికీ ఇదే రాశాం. పేదరికం మీద అధ్యాయం అయిపోయింది, కుటుంబం మీద అధ్యాయం అయిపోయింది, ఒక్క మనిషి గొంతు వినలేదు. ఏడో వారంలో మానేశాను, మార్కుల పత్రంలో మధ్యలో మానేసినట్టు డబ్ల్యూ పడింది. తరువాతి ఫాల్ సెమిస్టర్‌లో సోమ, బుధవారాల సాయంత్రం సెక్షన్‌లో చేరాను. ఆన్‌లైన్‌లో బాగా చెప్పేవాళ్లు ఉండవచ్చు. కానీ ఈ సబ్జెక్టుకు ముడిసరుకు మనుషులే, వాళ్లను తెర వెనక పెట్టి చెప్పడం ఎవరికైనా కష్టమే.

ఇక ఆ గది. కిటికీలు లేని గది, 38 మంది. నా కుడి పక్కన 19 ఏళ్ల అమ్మాయి, రాత్రి గిడ్డంగిలో షిఫ్టు చేసి పగలు నిద్రపోయి సాయంత్రం తరగతికి వచ్చేది. ముందు వరసలో సిటీ బస్సు నడిపి రిటైరైన 67 ఏళ్ల ఆయన. సైన్యంలో పనిచేసి వచ్చి ప్రభుత్వ ఖర్చుతో చదువుకుంటున్న యువకుడు. స్ట్రోలర్‌లో నెలల పాపను వెంటబెట్టుకుని వచ్చే తల్లి. హైస్కూల్లో ఉండగానే కాలేజీ యూనిట్లు పోగేసుకుంటున్న ఇద్దరు పిల్లలు, ఒకడు మన కుర్రాడే. మేం డిగ్రీ చదివిన కాలేజీల్లో అందరిదీ ఒకే వయసు, ఇంచుమించు ఒకే రకం ఇళ్లు. ఇలాంటి గదిలో నేను అంతకుముందు ఎప్పుడూ కూర్చోలేదు.

మొదటి రోజు ప్రొఫెసర్ తెల్లకాగితాలు పంచారు. "ఈ కుర్చీలో మీరు కూర్చోవడానికి ఈ రోజు ఎవరెవరు పనిచేశారో రాయండి, పేర్లు వద్దు" అన్నారు. నేను రాసింది: మావారు ఆఫీసు నుంచి తొందరగా వచ్చారు. ఆరు నెలల వీసా మీద వచ్చిన అత్తమ్మ పిల్లలకు అన్నం పెడుతున్నారు. అత్తమ్మ లేని ఇంట్లో మామయ్య అక్కడ హోటల్ భోజనం చేస్తున్నారు. రాసేటప్పటికి అది మా ఇంటి సంగతే. ప్రొఫెసర్ కాగితాలన్నీ కలిపి ఒక్కొక్కటీ చదివారు. ఒకరి చెల్లెలు పని మానుకుని పాపను చూసుకుంటోంది, ఇంకొకరి అమ్మమ్మ మెక్సికో నుంచి వచ్చింది, ఇంకొకరు రాత్రి షిఫ్టు వేరేవాళ్లకు ఇచ్చేసి వచ్చారు. దాదాపు ప్రతి కాగితంలోనూ ఒక ఆడమనిషి జీతం లేని పని చేస్తోంది. ఎవరూ ముందుగా మాట్లాడుకుని రాసినవి కావు.

ఆ తరువాతే బోర్డు మీద సి. రైట్ మిల్స్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త పేరు రాశారు. 1959లో ఆయన ఇచ్చిన ఉదాహరణ చాలా తేలిక. లక్ష మంది ఉన్న నగరంలో ఒక్క మనిషికి పని లేకపోతే ఆ మనిషి నైపుణ్యం, నడవడి చూస్తాం. ఐదు కోట్ల మంది పనివాళ్లున్న దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే ఇక మనిషిని చూసి లాభం లేదు, పని ఇచ్చే ఏర్పాటునే చూడాలి. నా రెజ్యూమెలో ఖాళీని నేను పన్నెండేళ్లుగా నా చేతకానితనం కింద జమ కట్టుకున్నాను. అదే ఖాళీ, అదే వీసాతో, మా అపార్టుమెంట్ల సముదాయంలోనే తొమ్మిది మంది ఆడవాళ్లకు ఉందని ఆ రాత్రి కారులో లెక్కపెట్టుకున్నాను. తొమ్మిది మందీ చదువుకున్నవాళ్లే.

ఈ శాస్త్రానికి పునాది వేసినవాళ్ల గురించిన రెండు వారాలు మామూలుగా గడిచాయి. కోంట్, మార్క్స్, డర్క్‌హైమ్, వెబర్, ఒక్కొక్కరికి ఒక్కో గంట. పరీక్షకు సరిపోతుంది, అంతకు మించి ఆశించకండి. తొలినాటి మహిళా సమాజశాస్త్రవేత్త హారియట్ మార్టినో, నల్లజాతి సమాజశాస్త్రవేత్త డు బోయ్స్ లాంటివారిని పక్కకు నెట్టకుండా చెప్పడం మాత్రం నచ్చింది. ఫిలడెల్ఫియాలో ఒక పేటలో డు బోయ్స్ ఇంటింటికీ తిరిగి నల్లజాతివాళ్ల బతుకుల వివరాలు రాసుకుని 1899లో అచ్చువేశారు. అంత పని చేసినా పెద్ద విశ్వవిద్యాలయాలు ఆయనకు ఉద్యోగం ఇవ్వలేదు.

ఈ కోర్సులో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది రెండు గంటల పరిశీలన అసైన్‌మెంటు. బయట ఒకచోట కూర్చుని చూసింది రాయాలి. నేను మన సరుకుల దుకాణం బిల్లింగ్ కౌంటర్ ఎదురుగా ఉన్న బల్ల ఎంచుకున్నాను. మూడు పేజీలు రాసి ఇచ్చాను, బాగా రాశాననే అనుకున్నాను. కాగితం తిరిగి వచ్చేసరికి పదకొండు మాటల చుట్టూ పెన్సిలు గీతలు. "ఇబ్బంది పడింది", "చిరాకుగా చూశాడు", "పాపం", "దర్పంగా". ప్రతిదాని పక్కనా ఒకే ప్రశ్న: మీరు ఏం చూశారు?

ఒక ముసలావిడ గురించి "డబ్బు సరిపోక ఇబ్బంది పడింది" అని రాశాను. ఆ మాట కొట్టేసి మళ్లీ గుర్తు చేసుకోవలసి వచ్చింది. ఆవిడ పర్సు తెరిచి నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది. తెర మీద అంకె చూసింది. పెరుగు డబ్బా తీసి పక్కన పెట్టింది. మళ్లీ అంకె చూసింది. కౌంటర్ అమ్మాయి ఏమీ అనకుండా ఆ డబ్బాను బల్ల కింద పెట్టేసి, తరువాతి సరుకు అందుకుంది. వెనకనున్నాయన ఫోను బయటకు తీసి దాని వైపే చూస్తూ నిలబడ్డాడు. ఇదీ నేను చూసింది. ఇలా రాశాక తెలిసింది, ఆవిడ ఇబ్బంది కంటే ఎక్కువగా చుట్టూ ఉన్న ఇద్దరు ఆవిడ పరువు ఎలా కాపాడారన్నదే అక్కడ జరిగింది. మొదటి కాగితంలో ఆ ఇద్దరూ లేనేలేరు. నా జాలి వాళ్లను కమ్మేసింది.

చూసింది ఆ రాత్రే రాసేయాలని, తెల్లారితే జ్ఞాపకం తనకు నచ్చినట్టు సర్దుకుంటుందని ప్రొఫెసర్ అనేవారు. మన దేశపు సమాజశాస్త్రవేత్త ఎం. ఎన్. శ్రీనివాస్ కథ ఆవిడకు నేనే చెప్పాను. మైసూరు దగ్గరి పల్లెలో ఉండి రాసుకుని, ఏళ్ల తరబడి సిద్ధం చేసుకున్న నోట్సు 1970లో స్టాన్‌ఫర్డ్‌లో నిప్పు పెట్టడంతో కాలిపోయాయి. మా కాలేజీకి కారులో వెళ్లగలిగే దూరమే అది. తరువాత ఆయన జ్ఞాపకాల మీదే ఆ పల్లె గురించి పుస్తకం రాశారు. ఆవిడ తన నోట్సుకు రెండు కాపీలు ఎప్పుడూ వేరు వేరు ఇళ్లలో పెడతారట. ఈ కథ విన్నాక మూడోది కూడా తీయిస్తానన్నారు.

తొమ్మిదో వారం ఇళ్లు, జాతి గురించిన పాఠం. 1930ల్లో ప్రభుత్వ గృహరుణాల సంస్థ నగరాల పటాలు గీయించి, ఏ పేటలో అప్పు ఇవ్వడం క్షేమమో ఏ పేటలో కాదో నాలుగు రంగుల్లో గుర్తు పెట్టించింది. అట్టడుగు తరగతికి ఎరుపు. నల్లజాతివాళ్లు ఉండే పేటలకు దాదాపు ఎప్పుడూ ఆ రంగే పడింది. రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం ఈ పటాలను ఇంటర్నెట్‌లో పెట్టింది, ఎవరైనా చూడవచ్చు. ప్రొఫెసర్ ఓక్లాండ్ పటం తెర మీద వేశారు. బస్సు నడిపిన ఆయన కుర్చీలోంచి లేచారు. మోకాళ్ల నొప్పులున్న మనిషి, మెల్లగా తెర దగ్గరికి వెళ్లి పశ్చిమ ఓక్లాండ్‌లో ఒక వీధి మీద వేలు పెట్టారు. ప్రొజెక్టర్ వెలుగు చేతి మీద పడి చెయ్యంతా ఎర్రగా కనిపించింది. "మా నాన్న ఇక్కడ అద్దెకు ఉండేవాడు. కొనుక్కుందామని బ్యాంకు మెట్లు ఎక్కాడు, దిగాడు. ఎందుకు కాదన్నారో ఆయనకు ఎవరూ చెప్పలేదు. తనలోనే ఏదో లోపం ఉందనుకుని పోయాడు" అన్నారు. అలాంటి వివక్షను నిషేధించే చట్టం 1968లో వచ్చింది. గదిలో కాసేపు ఎవరూ కదల్లేదు. స్ట్రోలర్‌లో పాప ఊఁ కొట్టడం వినిపించింది.

వచ్చే తరగతికి మీరు పెరిగిన చోటు పటం గీసుకురండి అన్నారు. నేను మా ఊరు గీశాను. కరీంనగర్ దగ్గరి పల్లె. చెరువు, గుడి, బడి, మా వీధి, పంచాయతీ ఆఫీసు, వాగు, వాగు అవతల వాడ. మాది భూమి ఉన్న కులం. వాడలో ఇళ్లు ఎన్నో, దారులు ఎటు పోతాయో గీయబోతే చెయ్యి ఆగిపోయింది. పద్దెనిమిదేళ్లు ఆ ఊళ్లో పెరిగి నేను అక్కడికి వెళ్లింది రెండుసార్లు, రెండుసార్లూ నాట్లకు మనుషుల్ని పిలవడానికి నాన్న వెంట. మా వీధిలో ప్రతి వేపచెట్టూ గీశాను, అవతల ఒక ఖాళీ గడి మిగిలింది.

ఆ కాగితం పట్టుకుని తరగతిలో మాట్లాడాను. ప్రొఫెసర్ నన్ను మెచ్చుకోలేదు, తప్పూ పట్టలేదు. ఒక్క ప్రశ్న అడిగారు: "నీళ్ల కుళాయి ముందు ఎటువైపు వచ్చింది?" మా వీధికి ముందు వచ్చిందని తెలుసు. వాడకు ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఇంటికి వచ్చి నాన్నకు ఫోను చేశాను. ఆయనకూ తెలియదు. ఊళ్లో కనుక్కుని రెండు రోజుల తరువాత చెప్పారు, పదకొండేళ్ల తేడా. చెప్పి కాసేపు ఊరుకుని, "ఇది నువ్వు అడిగేదాకా నేను ఎవరినీ అడగలేదమ్మా" అన్నారు. మా నాన్న ఆ ఊరికి వార్డు మెంబరుగా పనిచేసిన మనిషి.

బస్సు నడిపిన ఆయన నా పటం తీసుకుని చాలాసేపు చూశారు. "మీ వాళ్లకు రంగు పెన్సిలు కూడా అక్కర్లేకపోయింది" అన్నారు. తప్పుపడుతున్నట్టు కాదు, పోల్చి చూసుకుంటున్నట్టు. నేను ఆన్‌లైన్ వద్దని చెప్పేది ఇందుకే. ఇది ఏ చర్చల పేజీలోనూ జరిగేది కాదు.

కులం గురించి మా తరగతిలో ఇచ్చింది ఒక్క గంట. అది చాలదు. బే ఏరియాలో మన జనాభా ఇంత ఉండగా, కులాన్ని ఎక్కడో ఎప్పుడో ఉన్న పాత ఏర్పాటుగా చెప్పి దాటిపోవడం నాకు వెలితిగా అనిపించింది. ఆ మాట ప్రొఫెసర్‌తో చెప్పాను. అంబేద్కర్ కొలంబియాలో చదువుకుంటూ 1916లోనే కులం పుట్టుక మీద పత్రం చదివారని, 1946లో డు బోయ్స్‌కు ఉత్తరం రాశారని చెబితే ఆవిడ శ్రద్ధగా రాసుకున్నారు. తరువాతి తరగతిలో పది నిమిషాలు నాకే ఇచ్చారు. హైదరాబాదు నుంచి కరీంనగర్ వెళ్లే దారిలో మనం బస్సులో దాటిపోయే శామీర్‌పేట మీద ఎస్. సి. దూబే అనే పరిశోధకుడు చేసిన అధ్యయనం 1955లో పుస్తకంగా వచ్చిందని అప్పుడు చెప్పాను. ఎన్నిసార్లు ఆ ఊరు దాటానో, ఆ ఊరు చదువుకోదగినదని నాకు కాలిఫోర్నియాలో తెలిసింది.

ఇప్పుడు బ్రోచర్ సంగతి. విద్య గురించిన వారంలో బర్టన్ క్లార్క్ అనే సమాజశాస్త్రవేత్త 1960లో రాసిన వ్యాసం చదివించారు. ఆయన పరిశీలించిన కాలేజీ మాకు దగ్గరే, శాన్ హోసేలో. పెద్ద చదువు మీద ఆశతో వచ్చినవాళ్లను ఇలాంటి కాలేజీలు మొహం మీద కాదనవు. కౌన్సెలింగులు, పరీక్షలు, ప్రత్యామ్నాయాలు చూపిస్తూ, మెల్లమెల్లగా ఆశను చల్లార్చి తక్కువ దారిలోకి మళ్లిస్తాయని ఆయన వాదన. మళ్లినవాళ్లు అది తమ నిర్ణయమే అనుకుంటారు. చదువుతూ ఉంటే నా ముందుకు జరిగిన ఆ బ్రోచర్ కనిపించింది, కౌన్సెలర్ నవ్వూ కనిపించింది. ఆ కౌన్సెలర్ మీద నాకు కోపం లేదు. పావుగంటలో ఒక మనిషి జీవితం తేల్చమని ఆయనను కూర్చోబెట్టారు. మెడికల్ బిల్లింగ్ చిన్న పని అనీ నేను అనడం లేదు, అది కావాలని వచ్చినవాళ్లకు అదే మంచి దారి. నేను అడిగింది అది కాదు. ఒక కాలేజీ తన గదిలోనే, తన జీతం తీసుకునే మనిషి చేత, తన గురించే ఇంత కటువైన మాట విద్యార్థులకు చదివిస్తోందంటే దాని మీద నాకు గౌరవం పెరిగింది.

ఆ జీతం దగ్గరే నా పెద్ద ఫిర్యాదు. మా ప్రొఫెసర్ పార్ట్‌టైమ్. ఈ రాష్ట్రంలో పార్ట్‌టైమ్ వాళ్లకు ఒక కాలేజీ డిస్ట్రిక్టులో (ఒకే యాజమాన్యం కింద ఉండే కాలేజీలు) పూర్తి పనిలో 67 శాతానికి మించి తరగతులు ఇవ్వకూడదు. అందుకని ఆవిడ మూడు కాలేజీల మధ్య తిరుగుతారు. ఇలాంటివారిని ఇక్కడ ఫ్రీవే ఫ్లయర్లు అంటారు. ఆవిడకు సొంత గది లేదు. సందేహాలుంటే లైబ్రరీలో కాఫీ మెషీన్ పక్కనున్న బల్ల దగ్గర కలిసేవాళ్లం, ఆ బల్ల ఖాళీ లేకపోతే పార్కింగ్ స్థలంలో ఆవిడ కారు దగ్గర. నా కాగితం మీద పదకొండు మాటలకు పెన్సిలు గీతలు పెట్టిన మనిషి, అలాంటివి 38 కాగితాలు దిద్ది, మరో రెండు కాలేజీల కాగితాలూ దిద్దాలి. వచ్చే సెమిస్టర్‌లో తరగతి ఉంటుందో లేదో ఆవిడకు డిసెంబరు దాకా తెలియలేదు. ఈ కోర్సుకు ప్రాణం ఆవిడ. ఆవిడను ఇలా ఉంచడం నాకు మింగుడు పడలేదు. సెమిస్టరు చివర్లో ఇచ్చే అభిప్రాయ పత్రంలో ఇదే రాశాను.

చదువు బరువు గురించి కూడా చెప్పాలి. వారానికి తరగతి మూడు గంటలు, ఇంట్లో ఐదారు గంటలు పట్టింది. రెండు మిడ్‌టర్మ్‌లు, ఒక ఫైనల్, పరిశీలన, ఒక ఇంటర్వ్యూ, ఒక బృంద ప్రదర్శన. బృంద ప్రదర్శన వృథా. ఐదుగురిలో ఇద్దరికి ఉద్యోగాల వేళలు కుదరక, చివరికి పని ఇద్దరి మీదే పడింది. ఇంగ్లీషులో రాయడానికి భయపడేవాళ్లకు కాలేజీ రైటింగ్ సెంటర్‌లో ఉచితంగా సాయం చేస్తారు, నేను నాలుగుసార్లు వెళ్లాను. ఇంటర్వ్యూ అసైన్‌మెంటుకు తెలుగులో మాట్లాడించి నేనే తర్జుమా చేసి రాస్తానంటే ఒప్పుకున్నారు. అత్తమ్మను కూర్చోబెట్టి రెండు గంటలు అడిగాను. ఆవిడ పెళ్లికి ముందు బీడీలు చుట్టి తమ్ముడి ఫీజు కట్టారని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మావారికీ తెలియదు.

విశ్వవిద్యాలయానికి బదిలీ కావాలనుకునే పిల్లలకు: ఈ కోర్సు యూనిట్లు సాధారణంగా లెక్కకు వస్తాయి. ఏ కాలేజీ కోర్సు ఏ విశ్వవిద్యాలయంలో దేనికి సమానమో అసిస్ట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఉంటుంది, కౌన్సెలర్ మాట మీదే ఉండిపోకుండా అక్కడ మీరే చూసుకోండి. సోషియాలజీలో బదిలీ కోసం ఇచ్చే రెండేళ్ల డిగ్రీ పూర్తి చేస్తే కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వ్యవస్థలో సీటు ఖాయం, కోరుకున్న క్యాంపస్‌లోనే అన్న హామీ మాత్రం లేదు. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లలో ఆ డిగ్రీతో సీటు ఖాయం కాదు. వెంటనే ఉద్యోగం కావాలి, ఇంకేదీ వద్దు అనుకునేవాళ్లకు ఈ కోర్సు సరిపడదు. నాకు కూడా ఇంకా ఉద్యోగం రాలేదు. జనవరిలో గణాంకాల కోర్సు తీసుకుంటున్నాను, దాని తరువాత పరిశోధన పద్ధతులు. బస్సు నడిపిన ఆయన కూడా గణాంకాలలో చేరారు, లెక్కలంటే భయమట, పక్కన కూర్చోమన్నారు.

మా ప్రొఫెసర్‌కు వసంత సెమిస్టర్‌లో ఒక సాయంత్రం సెక్షన్ ఇచ్చారు. సీట్లు నలభై, అప్పుడే నిండాయి. దిగులు పడకండి. వెయిట్ లిస్టులో పేరు పెట్టి, మొదటి రోజు వెళ్లి వెనకవరసలో కూర్చోండి. మొదటి వారంలో నలుగురైదుగురు మానేస్తారు, అప్పుడు ఆవిడ వెనక కూర్చున్నవాళ్లకు తరగతిలో చేరడానికి కోడ్ ఇస్తారు. నాకూ సీటు అలాగే దొరికింది.